ఉప్పు డబ్బాకు ఆనించిన ముక్క

పేక అత్త పోయింది. న్యూ టౌన్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "పొద్దున్న టీ తాగి, అలాగే గోడకానుకుని ఉండిపోయిందటే" అని భోరుమంది. ఎవరికీ చెప్పకుండా కిందికి దిగి క్యాబ్ ఎక్కేశాను. ఖిదిర్‌పూర్‌లో మా ఇంటికి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన, ఈరోజు అత్త ఏ ముక్క తీసి ఉంటుందా అని.

ఆమె మాకు చుట్టం కాదు, గోడ అవతలి ఇల్లు. జన్మలో పేకాడి ఎరగదు, అయినా మా లైనిళ్ళ వాళ్ళందరికీ పేక అత్తే. ఆమెవి టారో కార్డులు, జోస్యానికి వాడే బొమ్మల ముక్కలు. భవానీపూర్‌లో ఒక ముసలి పియానో టీచరమ్మ ఇంట్లో వంట చేసేటప్పుడు ఆవిడ ఇచ్చి పోయిన పెట్టె. ముక్కలమీద ఇంగ్లీషు పేర్లు అత్తకి అక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఒక ముక్క తీసి పొయ్యి పక్కన ఉప్పు డబ్బాకు ఆనించేది. కూర కలుపుతూ ఓసారి, అన్నం వార్చి ఓసారి దాన్ని చూసుకునేది. సాయంత్రం తీసి కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టేసేది. అందుకే ఆ పెట్టెలో పసుపు మరక లేని ముక్క ఉండదు. గుర్రమెక్కిన అస్థిపంజరం ముక్కకీ ఉంది! "ఒలమ్మో, ఇదొచ్చిందేటి అత్తా" అని నేను వణికితే, "ఎనకాల సూరీడున్నాడు సూడ్నేదేటే?" అని పప్పు తిరగమోత పెట్టుకుంది.

నీళ్ళ సప్లైలో పంపులు తిప్పిన ఆమె భర్త, మా మామయ్య మాత్రం రోజూ వెక్కిరించేవాడు. "ఏటే, ఇయ్యాల రాజొచ్చాడా, జోకరొచ్చాడా?" ఆమె వినిపించుకుంటే కదా.

నాకేమో అన్నీ ముందే తెలిసిపోవాలి. పరీక్షైనా, ఉద్యోగమైనా, వానైనా సరే. సొంతంగా ఒక పెట్టె కొనుక్కుని, ఫోన్లో అర్థాలు వెతుకుతుంటే అత్త ఫోన్ లాగేసి తన ఒళ్ళో పెట్టుకుంది. "ముందు సూడు. అర్థం ఎక్కడికీ పారిపోదు." ముక్కని ఎప్పుడూ ఎదుటివాళ్ళకి సూటిగా, తనకి తలకిందులుగా పెట్టేది. తను ఏమీ చెప్పేది కాదు. "నీకేటి కనిపిస్తంది?" ఆమె జోస్యమంతా ఆ ఒక్క ప్రశ్నే.

అమ్మకి గుండె ఆపరేషన్ అన్న పొద్దున్న అత్త దగ్గరికి పరిగెత్తాను. "ఒక్క ముక్క తియ్యత్తా. అమ్మ ఇంటికొస్తాదా, రాదా?"

"ఆ మాట నాను ముక్కనడగను. ఇయ్యాల నువ్వేటి సెయ్యాలో అడుగుదాం."

ఒకావిడ సింహం నోరు మూస్తున్న ముక్క వచ్చింది.

"ఏటి కనిపిస్తంది?"

"సింహం."

"ఇంకా?"

ఆపరేషన్‌కి టైమవుతుంటే ఏం చూస్తాను? అయినా చూశాను. "ఆవిడ చేతులు... గట్టిగా పట్టుకోలేదు అత్తా. ఊరికే వేసి ఉంచింది."

"మరి ఎల్లు. మీ అమ్మ తలమీద అలాగే సెయ్యేసి ఉంచు."

ఆసుపత్రిలో అమ్మ వణికిపోతోంది. చెయ్యి వేసి ఉంచాను. కాసేపటికి అమ్మ ఊపిరి నెమ్మదించింది, నాదీ నెమ్మదించింది.  అమ్మ ఇంటికొచ్చాక ఇదంతా ముక్క మహిమ అని నేనంటే అత్త కసిరింది. "డాక్టరు కోసి కుట్టాడు. మజ్జిలో ముక్కదేటే?"

ఇప్పుడు ఆమె లేదు. అత్తని తీసుకెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. పొద్దున్న తీసిన ముక్క ఉప్పు డబ్బాకు ఆనించే ఉంది. నాలో పాత రోగం లేచింది: అత్త ఎక్కడికి వెళ్ళిందో దీన్నే అడిగితే? పెదవిదాకా వచ్చింది ఆ ప్రశ్న.

కాటి దగ్గర్నుంచి వచ్చి స్నానం చేసిన మామయ్య తడి జుట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు. "నాకివి తెల్దమ్మా. నీకేటి కనిపిస్తంది?"

అత్త మాట మామయ్య నోట! నా ప్రశ్న మింగేసి, చూశాను. "ఒకావిడ మామయ్యా. నీళ్ళ ఒడ్డున మోకాలి మీద కూర్చుంది. రెండు కుండలు వంచి పోస్తోంది. పైన చుక్కలు."

"కుండలు కాళీ అయిపోనాయా?"

"లేదు మామయ్యా. ఇంకా పోస్తూనే ఉంది."

 అమ్మ పంపిన పప్పన్నం ఆయన ముందు పెట్టాను. రెండు ముద్దలు తిని, ఉప్పు సరిపోలేదని తనే లేచాడు. ముక్క జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మూత తీశాడు. ముక్కని పట్టుకున్నది పప్పు అంటిన చెయ్యి. మూత పెట్టి, ముక్కని మళ్ళీ డబ్బాకు ఆనించాడు. అత్త పసుపు మరక పక్కన ఆయన బొటనవేలి ముద్ర ఇంకా తడిగా ఉంది.