శకుంతల మేడం జాలిపడలేదు

నిన్న ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ జరుగుతున్న ఒక చోట గోడ పక్కగా నడుస్తుంటే, ఫైటర్లు దూకడానికి పేర్చే ఖాళీ అట్టపెట్టెల మీద మనిషి దబ్బున పడిన చప్పుడు వినిపించింది. శకుంతల మేడం గుర్తొచ్చారు. నేరం రుజువైన మనిషిని జైలుకు పంపాలా, షరతులతో వదలొచ్చా అని కోర్టు అడిగితే, విచారించి నివేదిక ఇచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ ఆవిడ. నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. ఆవిడ రిటైరైనప్పుడు సభలో “మేడంది జాలిగుండె” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ తప్ప. ఆ మాట దిద్దుకోకుండానే ఇన్నేళ్లు గడిపాను.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో యాదగిరి కేసు వచ్చింది. సినిమాల్లో ఫైటర్. తాగి, తనతో ఒకే గదిలో ఉండే శీను దవడ విరగ్గొట్టాడు. బస్తీలో ఎవరిని అడిగినా “ముక్కలు చేస్తా” అని అరిచేవాడన్నారు. ప్రమాదకరమైన మనిషని రాసుకెళ్లాను. మేడం నవ్వారు.

“గా మాట కెమెరా ముందు రోజూ అంటనే ఉంటడు గదా. నోరు ఇడిశిపెట్టు. చెయ్యి ఎప్పుడు లేస్తదో చూసినవా?”

ఫైటర్లు ప్రాక్టీసు చేసే చోటికి తీసుకెళ్లారు. యాదగిరి పిడికిలి అవతలివాడి ముక్కు ముందు వెంట్రుకవాసిలో ఆగుతోంది. నా మనసు మారిపోయింది. “వదిలేయొచ్చు మేడం, ఎంత అదుపో చూడండి.”

“నిన్న రాక్షసుడన్నవు, ఇయ్యాల దేవుడంటున్నవు. పని కాడ ఆగిన చెయ్యి మందు పడ్డంక ఆగుతదా? శీనును అడిగినవా?”

అడగలేదు. శీను మోతీనగర్‌లో అక్క ఇంట్లో తలదాచుకుంటున్నాడని తెలిసి ఇద్దరం వెళ్లాం.

“జైల్ల ఎయ్యమని నేననను మేడం,” అన్నాడు. “తాగకుంటే మంచోడే. గని గా రూంల వాడుంటే, నేనెట్ల పోవాలె? నా పనంత గా రూం పక్కపొంటనే ఉండె.”

మేడం నివేదిక ఆ మాట మీదే నడిచింది. యాదగిరి గది ఖాళీ చేసి వాళ్ల ఫైట్ మాస్టర్ ఇంట్లో ఉండాలి. మందు ముట్టకూడదు. వారంవారం ఆఫీసుకు రావాలి. తప్పితే తానే కోర్టుకు తెలియజేస్తానని చివర రాశారు. కోర్టు ఒప్పుకుంది.

“దీనికన్న జైలే నయం మేడం, గాడ చాయన్న పోస్తరు,” అని సణిగేవాడు యాదగిరి.

“ఈడ గూడ పోస్తరు. కూసో.”

గడువు ముగిసేదాకా అతని చెయ్యి ఎవరి మీదా లేవలేదు. శీను తన గదికి తిరిగొచ్చాడు. మేడంది జాలే అయితే, నాలాగే పిడికిలి చూసి మురిసిపోయి వదిలేసేవారు.

ఇప్పుడు కొత్త కేసు వస్తే, ముందు దెబ్బ తిన్నవాళ్ల గడప తొక్కుతాను. కొందరు తాళం మార్పించమంటారు. కొందరు తిట్టి పంపుతారు. మొన్న బోరబండలో ఒకావిడ చేస్తున్న పని ఆపకుండానే కాసేపు కూర్చోమంది. కూర్చున్నాను. నేను లేచేముందు, జరిగిందంతా ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.