బుచ్చవ్వ విడిగా దాచిన గాజులు

నర్మెట దాటాక బస్సు టైరు పంక్చరైంది. బస్సు పరుగెత్తుతుంటే ముందు సీటువాళ్ల వీపే కనిపిస్తుంది. ఆగితేనే పేర్లూ ఊళ్లూ తెలుస్తాయి. జనగామలో విత్తనాల దుకాణంలో పనిచేసే ఉపేందర్ దిగి కల్వర్టు మీద కూర్చుంటే, గాజుల బుచ్చవ్వ వచ్చి పక్కన చేరింది.

"బిడ్డా, నా ఫోన్లకెల్లి ఈ మెసేజీల యాప్ జర తీసెయ్యి."

"ఎందుకవ్వా?"

"ఇన్నేండ్లు పుణ్యానికి వాడుకున్న. యాపోళ్లు ఒక్కసారే వచ్చి బాకీ మొత్తం అడిగితే యాడికెల్లి తేవాలె?"

నెల్లికుదురు నుంచి తరిగొప్పుల దాకా బుచ్చవ్వ గాజులు తొడగని అంగడి లేదు. చేతి ఎముక మెత్తగా నొక్కుతూ ఇంటి ముచ్చట అడుగుతుంది. ముచ్చట ముగిసేలోపు గాజు మణికట్టుకు చేరిపోతుంది. ఈమధ్య ఏ అంగడికి ఏ రంగులు తెస్తోందో ముందే వాయిస్ మెసేజ్ పెడుతోంది. ఆ గొంతు విని వచ్చేవాళ్లే సగం గిరాకీ. యాప్ తీసేస్తే ఆ గిరాకీ పోతుంది, ఉంచుకుంటే బాకీ భయం. అంగట్లో కూర్చున్న జాగాకు తైబజార్ పన్ను అడగని వారాన్ని ఆమె ఎరగదు మరి. తైబజార్ వసూలు చేసేవాడి ఇల్లాలికి గాజులు పెట్టడం ఆమె మర్యాద. అందుకే యాప్ తైబజార్ మనిషి వచ్చే రోజు కోసం ఓ డజను ఎర్రగాజులు గుడ్డలో చుట్టి, అమ్మకానికి మోసే గాజుల మలారం నుంచి విడిగా దాచింది.

ఉపేందర్‌కు నవ్వాగలేదు. "ఎవ్వడు రాడవ్వా. ఈ బస్సుల నీకు జీరో టికెటే గద? పైసలెవరు కడ్తున్నరు?"

"సర్కారు."

"గట్లనే ఈ యాప్‌ల నీ బదులు దుకాణాలు కడ్తయి. విత్తనాలొచ్చినయని మేం పంపే మెసేజీలకు మా సేటు కట్టాలె. స్టేటస్‌ల నడుమ వచ్చే అడ్వర్టయిజ్‌మెంట్లకు కంపెనీలు కడ్తయి."

"అంటే నేను ఊకె అంగడి జూడవచ్చిన మనిషినన్నట్టు!"

"మీరంత వస్తెనే వాళ్లు పైసలిచ్చేది."

"అయితే వచ్చినందుకు నాకే ఇయ్యాలె! మరి మా చెల్లెతోని మాట్లాడేది వింటరా?"

"మాటలు తాళంల ఉంటయంటరు. ఎవరితోని, ఎప్పుడు మాట్లాడినవో మాత్రం ఎరుకుంటది."

"గది తైబజారోనికి గూడ ఎరుకే తియ్యి." బుచ్చవ్వ ఫోన్ తెరిచి చూపించింది. "గీ మిరప విత్తనాలోళ్లెవరు? నాకు జానెడు భూమి లేదు, రోజూ పంపుతరు."

తెర మీద ఉన్నది ఉపేందర్ దుకాణం పేరే. అతను తల గోక్కున్నాడు. "మేమేనవ్వా. నీ నంబరు తీయిస్త."

"మీ సేటు మంచిగున్నడు, నా పేరు మీద పైసలు పారబోస్తున్నడు!"

అంతలో తరిగొప్పుల ఆటో వచ్చి ఆగింది. బుచ్చవ్వ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "పిల్లలూ, బస్సు పంక్చరైంది, ఆటోల వస్తున్న. అంగట్లనే ఉండుండ్రి."

ఎర్రగాజుల మూట ఉపేందర్ చేతిలో పెట్టింది. "నా బదులు కట్టేది మీరేనాయె. నీ ఇంటిదానికియ్యి." మలారం భుజానికెత్తుకుని నడిచింది.

"అవ్వా, నాకింకా పెండ్లి కాలే!"

బుచ్చవ్వ అప్పటికే ఆటోలో ఎవరిదో చెయ్యి అందుకుని, ఎముక నొక్కి చూస్తోంది.