డి.డబ్ల్యు. మాత్రమే

చాయ్ తాగుకుంట చెప్పే ముచ్చట కాదిది. కానీ వారం నుంచి నా మొఖం జూసి ఏమైంది ఏమైంది అని అడుగుతనే ఉన్నరు గదా, చెప్త. పోయిన గురువారం ఒక మనిషిని మట్టిల పెట్టబోయి నేనే మట్టిల కలిసిన.

మా మిషన్ దవాఖానా మీకు ఎరికే. దుమ్ముగూడెం రోడ్డు మీద గేటు, గేటు నుంచి వార్డు దాక అర కిలోమీటరు ఎత్తు. అడివి ఊళ్ల నుంచి జీపులల్ల వచ్చేటోళ్లు గేటు కాడ దిగి ఆ ఎత్తు ఎక్కలేక కూలబడుతుండె. అందుకని ఎవరో దాత, హైదరాబాదుల గోల్ఫ్ ఆడేటోళ్లు వాడి వదిలేసిన బ్యాటరీ బండి ఒకటి మాకు పంపిండు. పెట్రోలు లేదు, చప్పుడు లేదు. మొదట్ల ముసలోళ్లు ఎక్కమంటే ఎక్కలే. చప్పుడు చెయ్యకుండ నడిచేది ఏం బండి అని వాళ్ల భయం. నేను దాని డ్రైవర్ని. దాన్ని సాకింది మాత్రం జోజప్ప మామ.

జోజప్ప మామ మా దవాఖానాల కాంపౌండరు. షుగరుకు ఒక కాలు తీసేసినంక ఆ బండి మీదనే తిరిగేటోడు. నిరుడు పాత బ్యాటరీలు పోతే ఖమ్మం నుంచి ఆరు కొత్తవి తెప్పిచ్చి, ఇద్దరం కల్సి మార్చినం. మామ స్టూలు మీద కూసోని చెప్పుడు, నేను చేసుడు.

"ఇన్నయ్యా, ముందుగాల ఏ వైరు ఏడికి పోతదో కాయితం మీద గీసుకో. చేతి ఉంగరం తీసెయ్. బీడీ పారెయ్, ఆ గ్యాసు అంటుకుంటే ఇద్దరికీ కలిపి ఒకటే పూజ చెప్పిస్తరు."

"మామా, చెడింది ఒక్కటే గదా, అదొక్కటి మారిస్తే అయిపాయె."

"పాతది కొత్తదాన్ని గుంజి పండవెడ్తది. మారిస్తే ఆరూ మార్చాలె."

ఒక్కో బ్యాటరీ సగం సిమెంటు బస్తా బరువు. ఆరు దించి ఆరు ఎక్కిచ్చినంక రెండు రోజులు నా నడుము నాది కాదు. పని అయినంక మామ సీటు కింద మూత లోపల ఒక చీటీ అంటిచ్చిండు. "ప్రతి శనివారం. డి.డబ్ల్యు. మాత్రమే." ఆ శనివారం పని ఆయనే చేసుకునేటోడు. నేను గేటు కాడ ఉంటుంటి, ఎన్నడూ చూడలే.

మొన్న వానాకాలం మామ మంచం పట్టిండు. నన్ను పిలిచి బండి అప్పజెప్పిండు. "చీటీ చూసుకుంట చెయ్. నువ్వు చెయ్యగలవ్" అన్నడు. ఇంకో మాట కూడ అడిగిండు. "నేను పోతే నన్ను ఎవ్వరూ భుజాల మీద మొయ్యొద్దురా. కాలు పోయినకాడి నుంచి అందరితోని మోయిచ్చుకుంటనే ఉన్న. పొయ్యేనాడన్న ఒకరికి బరువు గావొద్దు. ఈ బండి మీద పెట్టి, గుట్ట మీద సమాధుల తోటకు నువ్వే తోలుకపో." ఆయన భార్య లూర్దమ్మ అత్త పక్కనే ఉంది. ఇద్దరం చేతుల చెయ్యేసి మాట ఇచ్చినం.

ఇగ శనివారం వచ్చింది. చీటీ చదివిన. డి అంటే డ్రింకింగు, డబ్ల్యు అంటే వాటరు. పదో తరగతి రెండుసార్లు రాసినోన్ని, గింత ఇంగ్లీషు రాదా నాకు?

మా బోరు నీళ్లు ఉప్పగుంటయి. తాగే నీళ్లంటే సిస్టర్ల మఠం వెనుక చేదబాయి నీళ్లే. బిందెడు తోడి, తెల్ల తువ్వాలలో వడగట్టి, ఆరు బ్యాటరీలల్ల అంచుల దాక పోసిన. తర్వాత చార్జింగు పెట్టిన. కొంచెం సేపటికి బుడబుడ పొంగి బయటికి కారినయి. పాలు పొంగితే శుభం గదా, ఇది కూడ గట్లనే అనుకున్న. తుడిచిన. మళ్లా శనివారం మళ్లా నింపిన, మళ్లా పొంగినయి. వైర్ల కాడ తెల్లగ, పచ్చగ బూజు పట్టింది. గీకి కొబ్బరినూనె రాసిన. బండి మెల్లగ నడుస్తుంటే, దవాఖానా తిండికి పేషెంట్లు బలిసిన్రేమో అనుకున్న.

ఒకనాడు మంచం కాడ కూసోని మామకు చెప్పిన కూడ. "మామా, నేను బోరు నీళ్లు తాగినా సరే, నీ బ్యాటరీలకు మాత్రం బాయి నీళ్లే పోస్తున్న." మామ నవ్విండు. జోకు అనుకున్నడు పాపం.

పోయిన బుధవారం మామ పోయిండు.

గురువారం పొద్దున బండి కడిగిన. వెనుక సీటు తీసేసిన. చేమంతి దండలు కట్టిన. చార్జింగు ముల్లు ఫుల్లు మీద ఉంది. గుడిల పూజ అయినంక పెట్టెను బండి మీదికి ఎక్కిచ్చి తాళ్లతోని కట్టినం. ముందట సిలువ పట్టుకొని ఫాదరు, నా పక్కన లూర్దమ్మ అత్త, వెనుక జనం పాట పాడుకుంట. చదును మీద మంచిగనే నడిచింది. నేను మనసుల, "చూసినవా మామా, ఎట్ల తోలుతున్ననో" అనుకున్న.

గుట్ట సగం ఎక్కినం. బండి ఒకసారి మూలిగి ఆగింది. ముల్లు చూస్తే ఫుల్లు కాడ లేదు, అడుగున పడుంది. నేను పెడలు తొక్కుతున్న, బండి వెనక్కి జారుతున్నది. పాట ఆగిపోయింది. "రాయి పెట్టున్రి, రాయి" అని ఎవరో అరిస్తే చక్రాల కింద రెండు రాళ్లు పెట్టిన్రు.

పెట్టె దించుదామని నలుగురు ముందుకొచ్చిన్రు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టొద్దు. భుజాల మీదికి ఎత్తొద్దన్నడు. మాట ఇచ్చినం."

మా దవాఖానా నర్సు సిస్టర్ ఫిలోమినా అత్తను, నన్ను దింపి, సీటు ఎత్తి లోపలికి చూసింది. "ఏం పోసినవ్ ఇన్నయ్యా వీటిల్ల?"

"డి.డబ్ల్యూనే సిస్టర్, చీటీల ఉన్నట్టే."

"మరి స్టోర్ల బ్యాటరీలకని పెట్టిన డిస్టిల్డ్ వాటర్ క్యాను సీలు కూడ తియ్యలే గదా. ఏ డి.డబ్ల్యు. పోసినవ్?"

నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచి "డ్రింకింగ్ వాటర్" అన్న. జనమంత విన్నరు. ఎవ్వరూ నవ్వలే. నవ్వితే బాగుండు అనిపిచ్చింది, నవ్వకపోయేసరికి ఏడుపొచ్చింది. ఆయన అడిగింది రెండే పనులు. రెండూ చెడగొట్టిన.

ఇగ తోసుడే. పన్నెండు మంది బండి ఎనక్కు పోయిన్రు. ఫాదరు సిలువను సిస్టర్ చేతికి ఇచ్చి, అంగీ పైకి దోపుకొని ఆయన కూడ భుజం పెట్టిండు. అత్త మళ్లా బండి ఎక్కలే. నేను కూడ తోద్దామని ఎనక్కు పోబోయిన.

"నువ్వు బండెక్కు. నువ్వే తోలుతనని మాట ఇచ్చినవ్. కూసో" అన్నది అత్త.

కూసున్న. స్టీరింగు పట్టుకొని, ముందుకే చూసుకుంట. ఎనకాల పన్నెండు మంది, ఫాదరుతోని పదమూడు మంది ఆయాసం నా మెడకు తగులుతున్నది. ఒకాయన "ఇంత బరువేందిరా" అంటే ఇంకొకాయన "బ్యాటరీలు" అన్నడు. కొద్దిగ పైకి పోయినంక ఆయనే మళ్లా, "బ్యాటరీలు, వాటి మీద ఇన్నయ్య" అన్నడు.

పైన మట్టి వేసేటప్పుడు అత్త సమాధి మీదికి వంగి, "నువ్వు చెప్పినట్టే అయింది, ఎవ్వరూ భుజాల మీద మొయ్యలే" అన్నది. నా దిక్కు చూడలే.

ఒక్కరికి కూడ బరువు గావొద్దన్న మనిషి. ఆయన్ని పదమూడు మందితోని గుట్ట ఎక్కిచ్చిన. అది కూడ ఆరు సచ్చిన బ్యాటరీలను, ఒక బతికున్న గాడిదను కలిపి.