హేమ లేకుండా ఎక్కని పడవ

మా అమ్మ దమయంతి మాటిచ్చిందంటే ఇక దాన్ని పట్టుకుని వేళ్ళాడుతుంది. ఆ ఒక్క గుణమే నాకు ఒళ్ళు మండించేది. ఎదుటివాళ్ళు కూడా తనలాగే ఉంటారనుకుంటుంది, పిచ్చితల్లి!

షావుకారుపేటలో మాది చింతపండు మండీ. మండీలో మగవాళ్ళకు హోటలు తిండి పనికిరాదు. ఎండైనా వానైనా మధ్యాహ్నానికి ఇంటి నుంచి క్యారియర్ వెళ్ళాల్సిందే. అందుకని తోడికోడళ్ళు, మా అమ్మా, పిన్నమ్మ హేమమాలినీ, ఇద్దరూ కలిసి గడప దాటిందే లేదు. పెళ్ళికైనా పేరంటానికైనా ఒకరు వెళితే ఇంకొకరు పొయ్యి దగ్గర ఉండాలి.

ఊరి బయట సముద్రం పక్కనుండే ముట్టుకాడులో పడవ షికారంటే ఇద్దరికీ మహా సరదా. "పోతే ఇద్దరమూ కలిసే పోదాం మే. నువ్వు లేకుండా నేనెక్కను, నేను లేకుండా నువ్వెక్కొద్దు" అని కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో అనుకున్నారట. నా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని ఆడికి తీసుకెళ్ళి పడవ అద్దెకు మాట్లాడాడు. అమ్మ ఎక్కితేనా! "హేమ లేకుండా నేనెక్కను, మీరు పోయి రాండి" అని టిఫిన్ సంచీ ముందేసుకుని గట్టు మీద కూర్చుంది. నాన్న పడవలోంచి చెయ్యి చాచి ఎంతో బతిమాలాడు. ససేమిరా అంది.

నాన్న పోయి మూడేళ్ళయింది. పోయిన నెల మా బాబాయి మండీని మాధవరానికి మార్చాడు. పక్కనే మెస్సు ఉంది కాబట్టి క్యారియర్ బెడద వదిలింది. మర్నాడే అమ్మ ఒకే రకం చీరలు రెండు కొనుక్కొచ్చింది. ఆ చీరల్లో వాళ్ళిద్దరూ, వెనకాల నేనూ ముట్టుకాడు చేరాం.

మోటారు పడవ అద్దెకు తీసుకున్నాం. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. అమ్మకు తల ఎటు దూర్చాలో తెలియక ఒకటే నవ్వు. పిన్నమ్మ తన జాకెట్ పట్టీలు చూడకుండానే టక్కున బిగించుకుని, "అక్కా, ఆ పక్క కూర్చోవద్దు. పడవ తిరిగేటప్పుడు నీళ్ళన్నీ ఆడే చిమ్ముతాయి" అంది.

అమ్మ నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

పిన్నమ్మ తడబడింది. "అదీ... స్కూలు ఫ్రెండ్సు రమ్మంటే ఒకసారి వచ్చినా అక్కా. చుమ్మా, ఊరికే అరగంటే."

"ఎప్పుడు?"

"మా అమ్మకు ఒళ్ళు బాగలేదని చెప్పి పోయినా చూడు, అప్పుడు."

నాకు ఒళ్ళంతా భగ్గుమంది. ఆ రోజు ఇంట్లో మా అమ్మకు కాలిపోయే జ్వరం. అయినా "పాపం, హేమ వాళ్ళమ్మకు బాగలేదు" అంటూ ఒక్కతే వండి క్యారియర్ పంపింది. సాయంత్రం ఆ జ్వరంతోనే గుడికి వెళ్ళి, ఆ పెద్దావిడ పేరున అర్చన చేయించింది. కుంకుమ తెచ్చిస్తే పిన్నమ్మ కళ్ళకద్దుకుని మరీ పెట్టుకుంది!

"ఛీ, నీకు సిగ్గనేది ఉందా పిన్నమ్మా?" అన్నాను.

"నువ్వు నోరు ముయ్" అని అమ్మ నన్నే కసిరింది. తర్వాత పిన్నమ్మ వైపు తిరిగింది. "పోతే పోయినావు హేమా. చెప్పుంటే నేనే పంపేదాన్ని గదా. ఆ కుంకుమ ఎట్ల పెట్టుకున్నావే?"

పిన్నమ్మ ఏడుపందుకుంది. పడవ నడిపే అతను బయలుదేరదామా అని తమిళంలో అడిగాడు. అమ్మ జాకెట్ విప్పి అతని చేతికిచ్చి దిగిపోయింది. నేనూ దిగాను. "అక్కా, అక్కా" అంటూ పిన్నమ్మ ఏడుస్తూనే ఉంది. అమ్మ వెనక్కి చూడలేదు.

గట్టు మీద కూలబడింది. నేను పిన్నమ్మను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అదేదీ అమ్మ చెవికెక్కినట్టు లేదు.

"మీ నాయన ఆ పొద్దు ఈడనే, చెయ్యి చాచి ఎంత బతిమాలినాడే నన్ను!" అని భోరుమంది.