మెట్ల మలుపులో ప్రార్థన

ఆ పరాయి దేశంలో ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. ఇంగ్లీషు చెప్పడం ఆమె ఉద్యోగం. అయితే ఆమెను అంత దూరం పంపింది సొంత ఊరి సంఘం, సువార్త చెప్పమని. ఈ రెంటికీ మధ్య ఒక షరతు ఉంది. అక్కడ ఇంట్లో ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చు గానీ, బడిలో మతం మాట ఎత్తకూడదు. ఎత్తితే వీసా రద్దు. దానికి ఒప్పుకుని సంతకం పెట్టిన రోజు నుంచీ టీచరమ్మకు నోరు తెరవాలంటే భయమే. పాఠంలో దేవదూత బొమ్మ కనిపిస్తే ఆ పేజీ గబగబా తిప్పేసేది. తుమ్మినప్పుడు అలవాటుగా నోటికొచ్చే ప్రభువు పేరును సగంలోనే మింగేసేది.

ఆమెకు తోడుగా వచ్చింది వదిన, చనిపోయిన అన్న భార్య. టీచరమ్మ పెళ్ళి చేసుకోలేదు, వదినకు పిల్లల్లేరు. ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక ఇరుకు వంటిల్లు. కీర్తనలు కూడా కింది వాటావాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి పాడుకునేవారు. వదినకు ఆ దేశపు భాష నాలుగు ముక్కలే వచ్చు. ఆ నాలుగు ముక్కలతోనే వీధినంతా చుట్టాల్ని చేసేసుకుంది. టీచరమ్మకు వ్యాకరణమంతా వచ్చు గానీ, ఎదురింటావిడ పలకరిస్తే తల వంచుకుని వెళ్ళిపోయేది.

ఆదివారం సాయంత్రం ఊరి నుంచి పాస్టరుగారు ఫోన్ చేసేవారు. "ఎంతమంది వచ్చారమ్మా ప్రభువులోకి?" అని అడిగేవారు. "ప్రార్థిస్తున్నామండీ అయ్యగారూ" అనేది టీచరమ్మ. ఇంకో ప్రశ్న రాకముందే ఫోన్ పెట్టేసేది.

బడంటే పెద్దదేం కాదు. టైర్ల షాపు మీద రెండు గదులు. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్కపోత. పగలంతా పని చేసుకుని సాయంత్రం చదువుకోవడానికి వచ్చేవాళ్ళే అందరూ. వాళ్ళలో ఒకామెకు మార్కెట్ వీధిలో బొత్తాలు, దారాలు అమ్మే షాపు ఉంది. అందరూ ఆమెను బొత్తాలావిడ అనేవారు. బట్టల కంపెనీలకు సరుకు కొనడానికి పైదేశాల వాళ్ళు వస్తారనీ, తన భర్త వాళ్ళ ముందు నవ్వుతూ నిలబడతాడే తప్ప పెదవి కదపడనీ చెప్పి చేరింది.

ఒక సాయంత్రం క్లాసయ్యాక ఆమె మెట్ల మలుపులో ఆగింది.

"టీచర్, మీరు ప్రార్థనలు చేసేవాళ్ళట కదా."

టీచరమ్మ మెట్ల కిందికి తొంగిచూసింది. "ఎవరు చెప్పారు?"

"మీ వదినగారు. నాకిప్పుడు మూడో నెల. ఇంతకు ముందు రెండుసార్లు పోయింది. నా కోసం ఒక్కమాట చెయ్యండి."

మెట్లు బడి కిందికి వస్తాయా, రావా? ఆ క్షణంలో టీచరమ్మకు తోచిన మొదటి ఆలోచన అదే. అయినా కాదనలేక ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళు సగమే మూసి, కింద ఎవరి అడుగులైనా వినిపిస్తాయేమోనని ఒక చెవి అటే వేసి, రెండు వాక్యాల్లో ముగించేసింది.

మర్నాడు బొత్తాలావిడ క్లాసుకు రాలేదు. ఆ రోజే హెడ్మాస్టరు గదిలోకి తొంగిచూసి, "ఈ వారంలో విద్యాశాఖ నుంచి ఆఫీసరు వస్తున్నాడు. మీ క్లాసులో కూర్చుంటాడట" అని చెప్పి వెళ్ళాడు.

ఇక టీచరమ్మకు అనుమానం పట్టుకుంది. బొత్తాలావిడే చెప్పేసి ఉంటుంది. కాకపోతే ఆమె భర్త. లేకపోతే అది పరీక్షించడానికి వేసిన వలేమో. మార్కెట్ వీధి దారి మానేసి చుట్టూ తిరిగి బడికి వెళ్ళసాగింది.

"ఏమైందే? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టున్నావు" అంది వదిన.

"ఏం లేదు వదినా. తలనొప్పి."

ఆఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకునేవాడు. వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా విన్నాడు. చివర్లో లేచి విద్యార్థులను అడిగాడు.

"ఈవిడ మీకు పాఠాలు కాకుండా ఇంకేమైనా చెబుతుంటారా?"

ముందు వరసలోని లారీ డ్రైవరు చెయ్యెత్తాడు. "చెబుతారండీ."

టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఇంట్లో చదవకుండా వస్తే మేం పశువులకంటే కనాకష్టమని చెబుతారు."

క్లాసంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వి, కిటికీలు పెద్దవి చేయించమని హెడ్మాస్టరుకు చెప్పి వెళ్ళిపోయాడు. ఏటేటా అన్ని బడులకూ జరిగే తనిఖీయేనట అది.

ఇంటికొచ్చి టీచరమ్మ వదినకు జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వదిన మాత్రం నవ్వలేదు.

"ఇంతకీ ఆ అమ్మాయికేమైంది?"

"తెలీదు."

"కనుక్కోలేదూ?"

ఇన్ని రోజులూ బొత్తాలావిడ ఎవరితో ఏం చెప్పిందోనని టీచరమ్మ కుమిలిపోయిందే గానీ, ఆమె ఎలా ఉందో అన్న ఆలోచనే రాలేదు. పైట సర్దుకుని అప్పటికప్పుడు బయల్దేరింది.

షాపులో భర్త ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి వెనక గది తలుపు చూపించాడు. బొత్తాలావిడ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ళ కింద దిండ్లు.

"ఆ రాత్రే రక్తం కనబడింది టీచర్. బిడ్డ ఉందంట. కదలొద్దన్నారు. మీరు వస్తారని చూశాను."

"భయపడ్డానమ్మా."

"నా గురించా?"

అవునని చెప్పడం తేలికే. అయినా టీచరమ్మ నిజమే చెప్పింది. "కాదు. నా గురించి. ఆ రోజు ప్రార్థన కూడా సగం మనసుతోనే చేశాను."

బొత్తాలావిడ తెల్లబోయింది. తర్వాత మెల్లగా నవ్వింది. "అయితే మిగతా సగం ఇప్పుడు చెయ్యండి."

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. షాపులో ఎవరో జిప్పులు బేరమాడుతున్నారు. ఆ గొంతులు వినబడుతూనే ఉన్నాయి, భయమూ ఉంది. అయినా ఈసారి తొందరపడలేదు.

ఆ తర్వాత రోజూ బడయ్యాక వెళ్ళి మంచం పక్కనే పాఠం చెప్పేది. బిడ్డ బతుకుతుందని మాట మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. ప్రతి ఉదయం ఏ కబురు వినాల్సి వస్తుందోనన్న బెంగతోనే నిద్ర లేచేది. ఆడపిల్ల నెలలు నిండకుండానే పుట్టి, చాలా వారాలు ఆసుపత్రి గాజు పెట్టెలో ఉండి, బతికింది. వదిన రెండు ఊలు టోపీలు అల్లితే రెండూ పెద్దవే అయ్యాయి.

పిల్లను చూసుకోవాలి గనక తల్లి బడి మానేసింది. ఆమె స్థానంలో భర్త వచ్చి చేరాడు. వెనక బెంచీలో కూర్చుని నవ్వుతూ ఉండేవాడు. పెదవి మాత్రం కదపలేదు.