నేను ఎత్తొద్దన్న చెయ్యి

నాకు మాట్లాడటం వచ్చు. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. కొందరు నవ్వుతూ చెబుతారు, మా పాల సెంటర్ చైర్మన్ మాత్రం పళ్లు కొరుకుతూ చెబుతాడు. గోపాల్‌పేట దగ్గరి మా ఊరి సెంటర్‌కు చాలా ఏళ్లుగా నేనే కార్యదర్శిని. పొద్దున, సాయంత్రం పాలు పోయించుకోవడం, కొంచెం తీసి మిషన్‌లో పెట్టి వెన్న శాతం చూడటం, చీటీ ఇవ్వడం నా పని. నా భార్య సర్కారు బడిలో టీచర్. ఆమెను ఊరంతా టీచరమ్మ అంటుంది. టీచరమ్మ మొగుణ్ని వట్టి పేరుతో పిలిస్తే బాగుండదని నన్ను సారూ అంటారు. వనపర్తిలో డిగ్రీ సగంలో వదిలేసి వచ్చినవాణ్ని నేను. అయినా ఆ పిలుపు నాకిష్టం. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మూడేళ్ల కిందట చైర్మన్ వనపర్తి వెళ్లి ఒక ఆరోగ్య బీమా కాగితం పట్టుకొచ్చాడు. సెంటర్‌లో పాలు పోసే కుటుంబాలన్నింటికీ కలిపి ఒకే పాలసీ. పాల బిల్లులోంచి ప్రతిసారీ కొంత కోసుకుంటారు, ఎవరికి రోగం వచ్చినా పెద్ద దవాఖానలో చూస్తారు. షరతు ఒక్కటే. అందరూ చేరాలి. ఒక్క ఇల్లు తప్పినా పాలసీ ఇవ్వరు.

ఈ సంగతి చైర్మన్ నాకు చెప్పకముందే ఊళ్లో చెప్పాడు. హోటల్ దగ్గర ఎవరో అడిగితే గాని నాకు తెలియలేదు. కాగితం నాకు ఆ సాయంత్రం ఇచ్చాడు, చదివి పెట్టమన్నాడు. నేను దాన్ని బల్ల సొరుగులో పడేశాను. నాకు మంట పుట్టింది మరి. కార్యదర్శిని నేను ఉండగా నన్ను అడగకుండా ఇదేం పద్ధతి? ఆ తర్వాత నేను చెప్పిన కారణాలన్నీ ఈ మంట మీద కప్పిన దుప్పట్లే.

వారం రోజులు సెంటర్ దగ్గర అదే ముచ్చట. పాలు పోసి వెళ్లిపోయేవాళ్లు కూడా క్యాన్లు కింద పెట్టి వాదించుకున్నారు. సర్కారు దవాఖాన కార్డు ఉండగా ఇంకోటి ఎందుకని కొందరు. ఆ కార్డు తీసుకుపోతే మంచాలు లేవన్నారని ఇంకొకరు. నా ఇష్టం లేకుండా నా బిల్లులో ఎట్లా కోస్తారని ఒక పెద్దాయన. పల్లి పంట ఎండిపోయిన ఏడాది గురించి ఒకాయన ఎత్తుకున్నాడు. ఆ ఏడు బ్యాంకువాళ్లు పంటల బీమా అని తెలియకుండానే కోసుకున్నారు, పంట పోయాక తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఆ మాట నిజమే. ఆయన వెంట నేనూ తిరిగాను. అది నాకు మంచి ఆయుధంలా దొరికింది.

రోజూ పొద్దున వచ్చేవాళ్లలో ఒకామె ఉండేది. రాయచూరు అవతలి పల్లె నుంచి గద్వాల మీదుగా మా ఊరికి కోడలుగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఔనన్న చోట హౌదు అంటుంది, మా వాళ్లు ఆమెను అట్లాగే వెక్కిరిస్తారు, ఆమె కూడా నవ్వుతుంది. భార్యాభర్తలు కౌలుకు చేస్తారు. రెండు బర్రెలు. ఆమె పాలు మిషన్‌లో పెట్టినప్పుడు నేను అంకె చూడాల్సిన పని ఉండేది కాదు. అంత చిక్కగా ఉండేవి. ఆమె పేరు మాత్రం ఇక్కడి రేషన్ కార్డులో లేదు. పుట్టింటి కార్డులో అటువైపే ఉండిపోయింది. అక్కడ తీయించుకుని ఇక్కడ ఎక్కించుకోవడానికి మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో, ఆ దరఖాస్తుల్లో రెండు నేనే రాసిచ్చాను. కాబట్టి ఆమెకు సర్కారు దవాఖాన కార్డు వర్తించదని నాకు అందరికంటే బాగా తెలుసు.

బీమాలో చేరాలా వద్దా అని తేల్చే మీటింగు రోజు పొద్దున పాలు పోసి, చీటీ తీసుకుని కూడా ఆమె పోలేదు. వెనక వాళ్లను ముందుకు పోనిచ్చి పక్కన నిలబడింది. అందరూ వెళ్లాక అడిగింది.

"సారూ, ఇయ్యాల మీటింగుల చెయ్యి ఎత్తాల్నా, వద్దా?"

"ఎత్తకు. అండ్ల ఏం లేదు" అన్నాను నేను, గిన్నె కడుగుతూ.

సరే సారూ అని ఖాళీ క్యాను తీసుకుని వెళ్లిపోయింది. నేను తల కూడా ఎత్తి చూడలేదు. అడగడానికి ఆమె అంతసేపు ఎందుకు ఆగిందన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

మధ్యాహ్నం సెంటర్ ముందు రేకుల కింద మీటింగు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. చైర్మన్‌కు మాట్లాడటం రాదు గానీ ఆ రోజు బాగానే మాట్లాడాడు. మనమందరం ఒకే క్యాన్‌లో పాలు పోస్తున్నాం కదా, ఒకరి బర్రె వట్టిపోయిన నెలలో కూడా సెంటర్ నడుస్తోంది కదా, ఇదీ అట్లాంటిదే అన్నాడు. ఇవాళ నాకు అవసరం, రేపు నీకు అన్నాడు. జనం తలలూపారు. వాళ్లు తలలూపడం చూసి నేను లేచాను.

"చైర్మన్ సాబ్ చెప్పింది నిజమే. అందరం ఒక్క క్యాన్ల పోస్తం. మరి నీళ్ల పాలు తెచ్చినోనివి గూడ అండ్లనే పోయిమంటడా? అట్ల పోస్తే చిక్కటి పాలు తెచ్చినోడు ఏం గావాలె? రోగం లేనోడు రోగమున్నోనికి ఎందుకు కట్టాలె?"

నవ్వులు ఎంతగా లేచాయంటే చైర్మన్ కూర్చుండిపోయాడు. ఆ తర్వాత పంటల బీమా కథ చెప్పాను, జబర్దస్తీగా కోసుకునేది ఏదైనా మన మేలు కోసం కాదన్నాను, ఇష్టమున్నవాడు పోయి విడిగా చేయించుకోవచ్చు కదా అన్నాను. చేరతామనేవాళ్లు చేతులెత్తండి అన్నప్పుడు మగవాళ్ల వైపు సగానికి కొంచెం తక్కువ లేచాయి. ఆడవాళ్ల వైపు ఒక్కటీ లేవలేదు. నేను పొంగిపోయాను.

ఇంటికి వచ్చి జరిగిందంతా నా భార్యకు చెప్పాను. ఆమె నోటుపుస్తకాలు దిద్దుతోంది. తల ఎత్తకుండా ఒకటే అడిగింది, మన కార్డు సంగతి వాళ్లకు చెప్పావా అని. అదీ ఇదీ ఒకటి కాదన్నాను. ఆమె ఇంకో పుస్తకం తీసుకుంది.

ఆ కార్డు సంగతి ఇక్కడైనా చెప్పాలి. ఆ మీటింగుకు రెండేళ్ల ముందు నా పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. నా భార్య ఉద్యోగపు కార్డు మీద అంతా జరిగిపోయింది, మేం చేతిలోంచి ఏమీ పెట్టలేదు. ఆమె జీతంలో నెలనెలా దానికి కోత పడినా నేనెప్పుడూ జబర్దస్తీ అనలేదు. అందరి ముందూ రోగం లేనివాడిలా నిలబడి మాట్లాడిన నేను, రోగం వచ్చి ఇంకొకరు కట్టినదాంతో బాగైనవాణ్ని. ఆ ముక్క మింగేసి మిగతాదంతా మాట్లాడాను.

వానలు పడ్డాక ఆ చిక్కటి పాలామె సెంటర్‌కు రావడం మానేసింది. భర్త పాలు తెచ్చేవాడు. ఒంట్లో బాగలేదంటే సరేలే అనుకున్నాను. దసరా దగ్గరికి రెండు బర్రెల పాలు ఒక బర్రెవి అయ్యాయి. ఆ తర్వాత ఒకరోజు ఆయన ఖాళీ చేతులతో వచ్చి, రెండో బర్రె కూడా అమ్మేశామనీ, ఇక పాలు పోయలేమనీ, పుస్తకంలో పేరు కొట్టేయమనీ అన్నాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించి అడిగాను. అప్పుడు చెప్పాడు. రొమ్ములో గడ్డ. మొదట ఊళ్లో గోలీలిచ్చే డాక్టరు దగ్గర, తర్వాత వనపర్తిలో, అక్కడ పరీక్ష చేసి హైదరాబాద్ పొమ్మన్నారు. ఇప్పుడు హైదరాబాద్ పెద్ద దవాఖానలో వంతు కోసం ఎదురుచూస్తున్నారు. గడ్డ చంక దాకా పాకిందట. ముందే ఎందుకు రాలేదని డాక్టరు కోప్పడ్డాడట.

ఎప్పటి నుంచి ఉందని అడిగాను.

"మీటింగు నాటికే ఉండె సారూ. నాక్కూడ చెప్పలే. పంట పైసలు చేతికొచ్చినంక చూపిచ్చుకుందామని దాసిపెట్టిందంట."

ఆయన వెళ్లాక నేను బల్ల సొరుగు తీశాను. ఆ కాగితం అక్కడే ఉంది, మీద చాయ్ మరక. నేను దాన్ని మీటింగుకు ముందు చదవలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను. చదివినట్టే మాట్లాడాను. రెండో పేజీలో ఉంది, చేరేనాటికి ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుందని. దాని కిందనే రాశారు, సభ్యులందరూ చేరితేనే ఇది సాధ్యమని. రోగమున్నవాళ్లే చేరి లేనివాళ్లు తప్పుకుంటే పాలసీ నడవదని ఎవరైనా అర్థం చేసుకుంటారు. జబర్దస్తీ అని నేను ఎగతాళి చేసిన షరతు ఆమెలాంటి వాళ్ల కోసమే ఉంది. పాలసీ ఉంటే ఆమె ముందే వెళ్లి చూపించుకునేదా? ఏమో. వెళ్లడానికి ఒక చోటంటూ ఉండేది.

ఆ నీళ్ల పాల మాట నన్ను ఇంకా కాలుస్తోంది. ఊరంతటిలోకీ చిక్కటి పాలు పోసే మనిషి ఒంట్లో గడ్డ పెట్టుకుని ఆడవాళ్ల మధ్య కూర్చుని వింటుండగా, రోగమున్నవాళ్లను నీళ్ల పాలన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వే ఉంటుంది, ఎందుకంటే నేను సారును. పైగా ఆ జోకు చావలేదు. కోడేరులో ఉండే మా బావమరిది ఒకసారి ఫోన్ చేసి, తమ ఊరి సెంటర్లో కూడా ఇట్లాంటి బీమా ముచ్చట వస్తే నా మాటే చెప్పి ఎగరగొట్టారని సంబరంగా చెప్పాడు.

ఆపరేషన్ అయి ఆమె ఊరికి వచ్చిందని తెలిసి కూడా నేను నెల దాకా పోలేదు. మొదట మిషన్ చెడిపోయిందన్నాను, తర్వాత లెక్కల తనిఖీ ఉందన్నాను, తర్వాత ఎవరూ అడక్కపోయినా ఏదో ఒకటి అనుకున్నాను. నా భార్య మాత్రం రెండుసార్లు వెళ్లి వచ్చింది. ఈ లోపు చైర్మన్ దగ్గరికి వెళ్లి, ఆ బీమా మళ్లీ పెట్టించమని అడిగాను. ఆయన, ఈసారి కూడా నీళ్ల పాల కథ చెబుతావా అన్నాడు. ఆ మాట పడాల్సిందే కాబట్టి పడ్డాను. కంపెనీవాళ్లను అడుగుతాను, మీటింగు పెడదాం, కానీ జనాన్ని ఒప్పించే పని నీదే అన్నాడు.

చివరికి ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. జుట్టు పోయి తలకు గుడ్డ కట్టుకుంది. మొహం సగమైంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. చాయ్ పెట్టమని లోపల కూతురికి చెప్పింది. మందుల గురించి, హైదరాబాద్ బస్సుల గురించి కొంచెం మాట్లాడుకున్నాం. ఇంక ఆగితే చెప్పకుండానే లేచి వచ్చేస్తానని భయమేసి మొదలుపెట్టాను.

"అమ్మా, నీకొక మాట చెప్పాలె. నాకు కార్డున్నది. టీచరమ్మ నౌకరిది. నా ఆపరేషన్ దాంతోనే అయింది. మీటింగుల ఆ సంగతి దాసిపెట్టిన. నీకు ఎత్తకుమని చెప్పిన."

ఆమె చేతిలోని కాయ ఒలిచి గింజలు చాటలో వేసింది. నన్ను తిడితే బాగుండునని అనిపించింది. దానికి సిద్ధపడే వచ్చాను.

"నాకెరుకే గద సారూ. మీరు ఆపరేషనై పండుకున్నప్పుడు చూడనీకె వస్తే టీచరమ్మనే చెప్పె, అంత కార్డు మీదనే అయిందని. అందుకే మిమ్మల్ని అడిగిన. కార్డు వాడినోళ్లకు తెల్సినంత మాకేం తెలుస్తది? గంత మంచిదైతే మీరెందుకు వద్దంటరు, అండ్ల ఏదో మోసమే ఉంటదనుకున్న. మా ఆడోళ్లకు గూడ నేనే చెప్పిన. సార్ వద్దంటుండు, ఎవ్వరు చేతులెత్తకున్రి అని."

ఆడవాళ్ల వైపు ఒక్క చెయ్యీ లేవనప్పుడు నేను ఎంత పొంగిపోయానో గుర్తొచ్చింది. నా మాటల గొప్పతనం అనుకున్నాను. కూతురు చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. గ్లాసు పక్కన పెట్టాను.

ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది. మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. సెంటర్ దగ్గర ఆ పొద్దున నిలబడి అడిగినట్టే అడిగింది.

"మల్ల మీటింగు పెడ్తరంట, హౌదా? మా ఆడోళ్లు నన్నడుగుతుండ్రు. ఈసారి ఏం జెప్పుమంటరు సారూ?"

ఎత్తమని చెప్పమ్మా అనడానికి నాకు చాలాసేపు పట్టింది.