పై ఇల్లు ఆమెది, కింది ఇల్లు అతనిది

థెల్మా హెడ్లీ నోరు విప్పితే ఆల్డర్ వీధి చివరి ఇంటిదాకా వినపడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటగదిలో మూడు వందల మంది పిల్లల అల్లరిని దాటుకుని వెళ్లిన గొంతు అది. మా గేట్స్‌హెడ్ ఊళ్లో సగం మంది ఆమె వండినది తిని పెద్దవాళ్లయినవాళ్లే. బస్సెక్కితే చాలు, "మీ జామ్ పుడ్డింగు మళ్లీ ఎప్పుడమ్మా?" అని డ్రైవరు అడుగుతాడు.

భర్త రోనీ పోయి ఆరేళ్లయింది. థెల్మా కరువుతీరా ఏడ్చింది, ఆపైన ఉద్యోగం విరమించింది, ఇంట్లో కూర్చుని గోడలు చూడటం చేతకాక చివరికి ఒక కోరిక పెంచుకుంది. వీధి మూలన ఖాళీగా పడున్న చెప్పుల కొట్టు అద్దెకు తీసుకోవాలి. స్టాటీలనే మందపాటి గుండ్రటి రొట్టెలు కాల్చి, మధ్యలో హామ్ అనే పంది మాంసం, బఠానీ ముద్ద పెట్టి అమ్మాలి. అరవై ఆరేళ్ల వయసులో మొట్టమొదటిసారి బోర్డు మీద తన పేరు చూసుకోవాలి.

అప్పు కోసం ఇల్లు తాకట్టు పెడతానని బ్యాంకుకు వెళ్లింది. అక్కడి కుర్రాఫీసరు కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు.

"మీ లీజు ఇంకా నలభై ఒక్క ఏళ్లే ఉందండీ. ఇంత తక్కువ లీజు మీద అప్పివ్వం."

"నాకు అరవై ఆరు, నాయనా. నలభై ఒకటి కలిపితే నూట ఏడు. అంతకాలం ఉంటే నా మీద నాకే విసుగొస్తుంది."

"మీరెంతకాలం ఉంటారని కాదండీ, ఇల్లెంతకాలం మీదిగా ఉంటుందని. పొడిగించుకుని రండి, చూద్దాం."

అక్కడే వచ్చింది చిక్కు. మా టైన్ నది వైపు పాత వీధుల్లో ఇళ్ల పద్ధతి వేరు. పక్కపక్కనే రెండు తలుపులుంటాయి. ఒకటి తీస్తే కింది ఇల్లు, రెండోది తీస్తే మెట్లు, ఆ పైన ఇంకో ఇల్లు. కింది ఇంటికి ఓనరు పైనున్న మనిషి, పై ఇంటికి ఓనరు కిందున్న మనిషి. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు తొంభై తొమ్మిదేళ్లకు లీజుకున్నవాళ్లే. ఏ పెద్దమనిషి బుర్రలో పుట్టిందో గానీ, ఒకరి జుట్టు ఇంకొకరి చేతిలో పెట్టి పోయాడు. థెల్మా లీజు పెరగాలంటే పైనున్న విల్ఫ్ పర్విస్ సంతకం పెట్టాలి. విల్ఫ్‌కూ ఆమెకూ పదకొండేళ్లుగా మాటల్లేవు.

దానికి కారణం చెబితే నవ్వుతారు, అయినా చెబుతాను. విల్ఫ్ ఓడల కార్ఖానాలో వెల్డరుగా చేసినవాడు. అతని ప్రాణమంతా తోటలో పెంచే, ఉల్లికాడల్లాంటి లావాటి లీక్ కాడల మీదే. ఏటా జరిగే కూరగాయల పోటీకి పనికిరాని కాడల్ని పెరట్లో బకెట్టులో పెట్టేవాడు, థెల్మా తీసుకుని వండుకునేది. ఏళ్ల తరబడి అదే అలవాటు. ఆ ఏడు సెప్టెంబరు పోటీకి ముందురోజు బకెట్టులో చేతిమణికట్టు కన్నా లావైన కాడలు రెండు కనిపించాయి. థెల్మా తరిగి సూపు కాచి పైకి కూడా ఒక గిన్నె పంపింది. విల్ఫ్ తిన్నాడు. బాగుందని ఇంకో గిన్నె అడిగి మరీ తిన్నాడు. ఆ తర్వాతే పెరట్లోకి దిగి, పోటీకని కడిగి పెట్టుకున్న కాడల కోసం బకెట్టు చూసుకున్నాడు.

అతని మొహం చూసి థెల్మాకు నవ్వాగలేదు. అదే కొంప ముంచింది. ఆ రోజు నుంచి విల్ఫ్ నోటికి తాళం. రోనీ పోయిన వారంలో ఆమె వంటింట్లో పైపు పగిలితే మాత్రం పిలవకుండానే దిగొచ్చి, బాగుచేసి, మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. వాన వచ్చే సూచన ఉంటే అతని బట్టలు ఆమె తీసి, మడిచి, మెట్ల మీద పెట్టేది. ఇద్దరిదీ మొండితనమే, ఎవరు తక్కువ తిన్నారని.

లాయరమ్మ గ్రేస్ నెస్బిట్ చట్టం వివరించింది. నోటీసిస్తే విల్ఫ్ కాదనలేడు, కానీ నెలలు పడుతుంది. కొట్టు ఓనరేమో నెలాఖరు దాకే ఆగుతానన్నాడు, పచ్చబొట్ల దుకాణంవాడు వెనకాలే కాచుకుని ఉన్నాడు. అందుకని ముందు మర్యాదగా ఒక ఉత్తరం రాశారు. మూడు వారాలు గడిచినా జవాబు లేదు. నెత్తిమీద విల్ఫ్ అడుగుల చప్పుడు వినపడినప్పుడల్లా థెల్మా కడుపు మండిపోయేది. చివరికి ఒక ఉదయం ఏప్రను కూడా విప్పకుండా వెళ్లి పక్క తలుపు బాదింది.

"ఉత్తరం అందిందా?"

"అందింది," అన్నాడు విల్ఫ్.

"చదివావా?"

"నాలుగుసార్లు."

"మరి సంతకానికేం రోగం? ఇంకా ఆ కాడల కోపమేనా? రెండు గిన్నెలు లాగించింది నువ్వే కదయ్యా."

విల్ఫ్ గడ్డం గోక్కున్నాడు. "సూపు బాగుంది. నా బాధల్లా అదే."

"మరింకేంటి?"

"జనం లీజు పొడిగించేది అమ్ముకుని పోడానికే. ఎదురింటి పీటర్సన్ వాళ్లూ అంతే చేశారు. నేను సంతకం పెడతాను, నువ్వు సామాను సర్దుకుంటావు, కింద ఎవడో ఊరూ పేరూ తెలీనోడు దిగుతాడు. నేను పెట్టను."

థెల్మా గొంతు తగ్గించింది. ఆ వీధి చరిత్రలో అదే మొదటిసారి.

"నేనెక్కడికి పోతాను విల్ఫ్? మూల మీద చెప్పుల కొట్టు దాకా. రొట్టెల దుకాణం పెడుతున్నా. అప్పు కోసమే ఈ తిప్పలన్నీ."

"ఉత్తరంలో రొట్టెల మాటే లేదు."

"లాయర్ల ఉత్తరాల్లో రొట్టెలెందుకుంటాయయ్యా, మతిలేని మనిషీ."

విల్ఫ్ తలుపు బార్లా తీశాడు. "లోపలికి రా. టీ పెడతా."

థెల్మా మెట్లు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పదకొండేళ్ల కబుర్లు మరి. తన ఇంటి లీజు కూడా అంతే తరిగిపోయిందని, దానికి ఆమె సంతకం కావాలని విల్ఫ్‌కు ఆ కబుర్ల మధ్యే తట్టింది.

"అంటే నేను నీ కాళ్లు పట్టుకోవాలా?" అన్నాడు.

"వంగితే నిన్ను మళ్లీ ఎవరు లేపుతారు? సంతకాలతో సరిపెట్టుకుందాం."

ఇద్దరూ పొడిగింపుకు ఒప్పుకున్నారని లాయరమ్మ తెలియజేయగానే బ్యాంకు సరేనంది. నెలాఖరుకు ముందే కొట్టు తాళం థెల్మా చేతికొచ్చింది. ఆ శుక్రవారం ఇద్దరూ గ్రేస్ ఆఫీసులో సంతకాలకు కూర్చున్నారు.

"ఇకమీదట అద్దె ఏడాదికి ఒక మిరియపు గింజ. ఇద్దరికీ అంతే," అంది గ్రేస్.

"గింజగానే ఇవ్వాలా, పొడి చేసి ఇవ్వొచ్చా?" అడిగింది థెల్మా.

"ఎవరూ ఇవ్వరండీ, చట్టం కోసం నామమాత్రంగా రాస్తారంతే. ఇక గడువు. ఉన్నదానికి ఇంకో తొంభై ఏళ్లు కలిపాను."

"చాలదు," అన్నాడు విల్ఫ్. "తొమ్మిది వందల తొంభై తొమ్మిది వెయ్యమ్మా."

"అంతకాలం నన్ను భరిస్తావా?" అంది థెల్మా నవ్వుతూ.

విల్ఫ్ కాగితం మీంచి తలెత్తలేదు. "పదకొండేళ్లు ఊరికే పోగొట్టాం కదా. నువ్వు కింద లేకపోతే ఆ ఇంట్లో నాకు తోచదు, థెల్మా."

గ్రేస్ తొంభైని కొట్టేసి తొమ్మిది వందల తొంభై తొమ్మిది రాసింది. థెల్మా కళ్లు నిండిపోయాయి. ఏళ్ల తరబడి ఇంత సంతోషం ఎరగదు. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, పెన్ను అందుకుని, అతని ఇంటి లీజు మీద తన సంతకం పెట్టింది.